ఫైబర్‌గ్లాస్ పాప

పార్కులోని ఫైబర్‌గ్లాస్ పాప మీద కప్పిన గుడ్డ తీయగానే, దాన్ని బాగుచేసినామెకే ముచ్చటేసింది. ఎండకు పెచ్చులూడి, గాజు పీచు పైకి తేలి, నుదుటి నిండా బీటలు పడ్డ బొమ్మ అది. ఆమె ఆ పీచును నున్నగా అరగదీసి, బీటల్లో రెజిన్ జిగురు నింపి, రంగు వేసి, పైన ఎండను ఆపే పూత పూసింది. ఇప్పుడా బుగ్గలు నిగనిగలాడుతున్నాయి.

బొమ్మను చేసిన శిల్పి ఈమధ్యే పోయాడు. ఆయన భార్యను చెయ్యిపట్టి నడిపించుకొచ్చి, "చూడండి పెద్దమ్మా, మీ పాప ఎలా ఉందో!" అందామె.

పెద్దావిడ బొమ్మ చెంప నిమిరింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సంతోషమేనా పెద్దమ్మా?"

"నీ చేతిపనికి వంక పెట్టను తల్లీ," అంది పెద్దావిడ. "మా పాప ఎనిమిదేళ్లకే పోయింది. ఆ ఏడే మా ఆయన దీన్ని చేశాడు. నేను రోజూ వచ్చి చూసుకునేదాన్ని. నుదుటి మీద మొదటి గీత పడ్డ రోజు ఇంటికి పరిగెత్తుకెళ్లి, మన పాప పెద్దదవుతోందని ఆయనతో చెప్పాను. ఆ ముడతలన్నీ నాకు తెలుసు. నాతోపాటే ముసలిదవుతోందని మురిసిపోయాను. ఇవాళ మళ్లీ ఎనిమిదేళ్లదైపోయింది."

బాగుచేసినామె బొమ్మ నున్నటి నుదుటి వైపు చూసింది.

"ఈ పూత ఎన్నాళ్లుంటుందమ్మా?" అని అడిగింది పెద్దావిడ.

ఆవిడ బతికున్నన్నాళ్లూ చెక్కుచెదరని పూత అది.

"ఎక్కువ నిలవదు పెద్దమ్మా," అందామె. "ఈ ఎండకి మహా అయితే రెండేళ్లు."