చేతిలో చెప్పులు

పెద్ద గేటు కనబడగానే లచ్చమ్మ చెప్పులు విడిచి చేతిలో పట్టుకుంది.

అది మూసారాంబాగ్‌లో క్రైస్తవ మఠం వాళ్లు నడిపే చిన్న దవాఖాన. చెప్పులు విప్పమని అక్కడ ఎవరూ అనరు. అయినా ఆమెకు అలవాటు. నల్గొండ జిల్లాలో వాళ్ల ఊరు సిరికొండపల్లి. ఒకప్పుడు అక్కడ రాజావారి కోటలాంటి గడి ముందు చెప్పులతో నడిస్తే వీపు పగిలేది. గడి కూలింది గానీ భయం కూలలేదు.

కాలికేమో షుగర్ పుండు.

కట్టు కట్టే ముసలి సిస్టర్ పేరు అగాత. మొదటిరోజు ఊరడిగింది. సిరికొండపల్లి అనగానే ఆమె చేతిలో దూది ఆగిపోయింది. కింద కూర్చుని, లచ్చమ్మ చేతిలోని చెప్పులు తీసుకుని తనే కాళ్లకు తొడిగింది.

"నా కాళ్లు ముట్టొద్దమ్మా" అంటూ లచ్చమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

ఉత్త కాళ్లతో తిరిగితే కాలే పోతుందంది సిస్టర్. లచ్చమ్మ వింటేగా! వచ్చిన ప్రతిసారీ చెప్పులు చేతిలోనే. సిస్టర్ ప్రతిసారీ కింద కూర్చోవాల్సిందే.

ఇంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. లచ్చమ్మ కొడుకు దశరథ ఆర్టీసీ డ్రైవరు. పొద్దంతా ఎల్బీ నగర్‌లో సమ్మె టెంటు కిందే ఉండేవాడు. లచ్చమ్మ రాలేదని సిస్టరే దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల కిరాయింటికి రావడం మొదలుపెట్టింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, నడిచి.

ఒకరోజు దశరథ ఇంట్లో ఉండగా వచ్చింది. పుస్తకంలో ఉన్నట్టుండే ఆమె తెలుగు విని అతనికి అనుమానమొచ్చింది.

"మీదే ఊరు సిస్టర్?"

"నాకిప్పుడు ఊరు లేదు నాయనా."

ఊరి కోసమే రోడ్డెక్కిన రోజులవి. దశరథ చెడ్డవాడేం కాదు, కానీ ఆ మాట అతనికి ఎక్కడో కాలింది. ఆంధ్ర నుంచి వచ్చి దాస్తోందనుకున్నాడు.

"ఊరు చెప్పుకోలేనోళ్లు మా ఇంటికి రావొద్దు."

సిస్టర్ కట్టు ముడి వేసి, మంచం కింది చెప్పులు తీసి లచ్చమ్మ పాదాల దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

కట్టు మార్చేవాళ్లు లేక పన్నెండు రోజుల్లో కాలి వేలు నల్లబడింది. దశరథకు భయం పట్టుకుంది. దోస్తు బండి అడిగి తెచ్చి, తల్లిని వెనక కూర్చోబెట్టుకుని మఠానికి పరుగెత్తాడు.

వేలు పోతుంది, కాలు దక్కుతుందని చెప్పింది మఠం పెద్ద సిస్టర్. అగాతమ్మ నాలుగు రోజుల కిందట జ్వరంతో పోయిందని కూడా చెప్పింది. జ్వరంలోనూ లచ్చమ్మ కాలెట్లా ఉందనే అడిగిందట.

దశరథకు ఏడుపు ఆగలేదు. తల్లిని పట్టుకుని మఠం వెనక సమాధి దగ్గరికి నడిపించాడు. అక్కడ, వెంట వచ్చిన పెద్ద సిస్టర్‌ను అదే ప్రశ్న, ఈసారి మెల్లగా అడిగాడు.

"ఆమెదే ఊరమ్మా?"

పెద్ద సిస్టర్ ఆశ్చర్యపోయింది. "మీకు చెప్పలేదా? మీ సిరికొండపల్లే. గడి రాజావారికి ఒక్కతే కూతురు. పద్దెనిమిదేళ్లకు అన్నీ వదిలి ఇక్కడికొచ్చింది."

దశరథ తలెత్తలేకపోయాడు.

లచ్చమ్మ మట్టికుప్ప వైపు తిరిగి, చేతిలోని చెప్పులు కింద పెట్టి, రాజావారి బిడ్డ ముందు, బతుకులో మొదటిసారి తనంతట తానే తొడుక్కుంది.