నురగ రాకూడదు

"మెల్లగా నాన్నా! ముందు గుంత!"

నాన్న నా మొహంలోకి వింతగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? మా అమ్మాయేది?"

అడగడూ మరి! ఈ పాత కారెక్కినప్పుడల్లా "నత్త" అని ఆయన్ని ఏడిపించేది నేనే.

ఇవాళ మా మందుల కంపెనీ వ్యాను మొరాయించింది. మూడేళ్ళు కుస్తీపట్టి, అక్కడో ముక్క ఇక్కడో ముక్క మార్చి మేం తయారుచేసిన ప్రోటీను ఐసు డబ్బాలో నా ఒళ్ళో ఉంది. ఊరి అవతల ల్యాబులో పరీక్ష నెగ్గితే అది మందయ్యే దారిలో పడుతుంది.

"కుదిపితే ఏమవుతుంది?"

"నురగొస్తుంది. నురగొస్తే పాడైపోతుంది. మళ్ళీ మొదటికే."

"అబ్బో, ఎంత సుకుమారమో!" అంటూ ఒక్కో చక్రాన్నీ బుజ్జగిస్తూ గుంత దాటించాడు. డబ్బాలో ఐసుముక్క కూడా కదల్లేదు.

వెనక కారువాడు హారను మోగిస్తూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను. "ఏం కొంపలంటుకున్నాయయ్యా?"

నాన్న పగలబడి నవ్వాడు. "అచ్చం మీ అమ్మే! ఆ రోజు ఇదే సీట్లో కూర్చుని వెనకవాళ్ళని ఇలాగే కడిగిపారేసింది."

"ఏ రోజు?"

"నిన్ను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు. మూడు రోజుల పిల్లవి. ఇలాగే ఒళ్ళో పెట్టుకుంది." నాన్న గేరు మార్చాడు. "ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ యాక్సిలరేటరు గట్టిగా తొక్కబుద్ధి కాలేదమ్మా."

ముందు ఇంకో గుంత కనిపించింది. ఈసారి నేనేం చెప్పలేదు.