నిలవని సిమెంటు

"మళ్ళీ ఊడొచ్చింది తల్లీ!" అంటూ మరియమ్మవ్వ కొంగుముడి విప్పి, బియ్యపుగింజంత తెల్లటి ముక్కను డాక్టర్ భవాని అరచేతిలో పెట్టింది. పక్కన మనవరాలు ఝాన్సీ చేత్తో నోరు మూసుకుని నిలబడింది.

భవానికి తల తీసేసినట్టయింది. ఇది మూడోసారి. హిందూపురంలో బోర్డు కట్టి ఏడాది కాలేదు, ఈమె పంటికి పెట్టిన సిమెంటు నిలవదన్న పేరు అప్పుడే వచ్చేట్టుంది.

"పెనుకొండలో పీకేస్తామంటే వద్దని నీ కాడికి తీసుకొస్తి. ముందరి పన్నాయె. ఎందుకు నిలవదమ్మా?"

"నీలం లైటు వేస్తే ఈ మందు గట్టిపడుతుందవ్వా. గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోయి పన్ను గోడను వదిలేస్తుంది. ఆ సందులో తిన్నదీ తాగిందీ దిగి లోపల పుచ్చుతుంది. అందుకే పోయినసారి పల్చగా, పొర మీద పొర వేశాను."

"చెరువులో బురద ఎండి నెర్రెలిచ్చినట్టన్నమాట."

"అంతే."

చెప్పింది గానీ ఆమెకే నమ్మకం లేదు. ఒక్కో పొరకూ లైటు వేసింది. దూది పెట్టి ఉమ్మి తగలనివ్వలేదు. లవంగం నూనె సోకితే ఈ మందు గట్టిపడదు, అతుక్కోదని, ఆ సీసాను వేరే అలమారలో పెట్టి తాళం కూడా వేసింది. పళ్ళ డాక్టరు గది కాబట్టి ఆ వాసన మాత్రం ఎప్పుడూ ఉండేదే. ఇక తప్పు తన చేతులది కాక ఇంకెవరిది?

ఎక్స్‌రే తీసి చూసింది. పుచ్చు వేరు దాకా దిగిపోయింది.

"పీకాల్సిందే" అంది తలెత్తకుండా.

ఝాన్సీ ఏడవలేదు. "సోమవారం ధర్మవరంలో పట్టుచీరల షాపులో చేరాలక్కా. నవ్వుతా మాట్లాడాలన్నారు" అంది, అంతే.

కాసేపటికి పన్ను ట్రేలో పడింది. ఝాన్సీ దూది కరుచుకుని మెట్లు దిగిపోయింది. భవాని అవ్వతో పాటు వరండా దాకా వచ్చింది. కట్టుడు పన్ను పెట్టొచ్చు, కానీ సొంత పన్ను సొంత పన్నే.

"తప్పు నాదే అవ్వా" అంది, కళ్ళనీళ్ళతో.

అవ్వ ఆమె గడ్డం పుణికింది.

"నీదేం తప్పు తల్లీ, మా రాత అట్లుండాది. మనం చేసేదంతా చేస్తిమి. నేనూ ఊరికే ఉన్న్యానా? బిడ్డకు సూదినొప్పి తెలీకూడదని, నువ్వు పిలిచే ముందర ప్రతిసారీ ఈ బెంచీ మీదనే ఆ గుంతలో లవంగం నూనె దూది పెట్టి పంపిస్తి గదా!"