ఎక్కడికని

"మీ ఇంట్ల కిరాయికున్న మర్జియాను ఎక్కడికి తీస్కపోయిన్రమ్మా? జర యాది చేస్కోండి," అన్నాడు లాయరు రాఘవేందర్, చిక్కడపల్లి ఇంటి గేటు దగ్గరే నిలబడి. "స్టేషన్ల అడిగితే తెల్వదంటున్నరు. వీసా అయిపోయిందని కాబూల్ విమానం ఎక్కిస్తే అక్కడ పిల్లను బతకనియ్యరు. ఎక్కడ పెట్టిన్రో తెలిస్తే ఈ పొద్దే కోర్టుల ఆపిస్త."

"పోలీసులు చెప్పలేదు బాబూ," అంది ఇంటావిడ బాలత్రిపురసుందరి.

"మీరన్నా అడగొద్దా?"

"నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను."

"ఎందుకమ్మా?"

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదు కదా! పిల్ల క్షేమంగా తిరిగి రావాలని, చెంబుడు నీళ్ళతో ఎదురు కూడా వచ్చాను."

రాఘవేందర్ చేతిలోని పిటిషన్‌ను నెమ్మదిగా మడిచాడు.

అది చూశాక గానీ ఆమెకు తను చేసింది అర్థం కాలేదు. గేటు దాటి, పోలీసు జీపు వెళ్ళిన ఖాళీ సందులోకి చూస్తూ అడిగింది.

"ఎక్కడికే తల్లీ?"