సున్నా బోర్డు

"రిపోర్టు తప్పు!"

ఈల సార్ బల్ల మీద గుద్దాడు. టీ గ్లాసు ఎగిరిపడి హాజరు పట్టీ సగం తడిసింది.

నర్సమ్మ కదల్లేదు. "కళ్ళె పరీక్ష చేసింది మిషను. దానికి మీ మీద పగా లేదు, నా మీద ప్రేమా లేదు. క్షయ ఉందంది. ఉన్నట్టే."

గది గుమ్మంలో బొత్తాలక్క నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళుగా చొక్కాలకి బొత్తాలు కుట్టీ కుట్టీ అదే ఆమె పేరైపోయింది. పిలవగానే పరుగెత్తుకొచ్చింది కాబట్టి వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు కూడా తీయలేదు. దాన్నే గుండ్రంగా తిప్పుతూ నేల చూపులు చూస్తోంది.

ఈల సార్ ఆ కుట్టు ఫ్యాక్టరీకి సూపర్‌వైజరు. షిఫ్టు మారినప్పుడల్లా మెడలో ఈల తీసి ఊదుతాడు. ఒకప్పుడు ఆ ఈలకి వీధి చివర పడుకున్న కుక్కలు కూడా లేచి నిలబడేవి. ఈ మధ్య సగంలోనే తుస్సుమంటోంది. ఈలకీ రిటైరయ్యే వయసొచ్చిందని మిషన్ల దగ్గర ఆడవాళ్ళు నోటికి గుడ్డముక్క అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు.

ఆయన చిందులకి కారణం గోడకి ఆనించి ఉంది. కొత్త బోర్డు. రంగింకా ఆరలేదు. 'ఇది క్షయ లేని ఫ్యాక్టరీ.'

దేశంలో క్షయ అన్న మాట వినపడకుండా చేస్తామని పైవాళ్ళు పంతం పట్టారు. మంచి పంతమే. పరీక్ష ఉచితం, మాత్రలు ఉచితం. కానీ పైనుంచి ఒక్కో మెట్టూ దిగి ఇక్కడికొచ్చేసరికి ఆ మాట తలకిందులైంది. జబ్బు పోతే కేసులు సున్నా కావాలి. వీళ్ళకి కేసులు సున్నా అయితే చాలు, జబ్బు పోయినట్టే. సున్నా చూపించినవాళ్ళకి బోర్డు, సభ, శాలువా, ఫొటో. సభ ఎల్లుండే. మేనేజరు కుర్చీ కూడా ఆ వేదిక మీదే ప్రకటిస్తారని ఈల సార్ చెవిన పడింది.

పోయిన వారం నర్సమ్మ వచ్చి, రెండు వారాలకి మించి దగ్గేవాళ్ళెవరని అడిగింది. అందరి చూపులూ బొత్తాలక్క మీద పడ్డాయి. డబ్బా మీద ఆమె పేరు రాసి, పొద్దున్నే కళ్ళె పట్టి పంపమని ఇచ్చి వెళ్ళింది. పని ఆగకూడదంటూ మర్నాడు ఈల సారే ఆ డబ్బా స్వయంగా ఆసుపత్రికి తెచ్చిచ్చాడు. నర్సమ్మ ఆ రోజు మురిసిపోయింది కూడా, వెర్రిబాగుల్ది.

"ఈవిడకి ఏ జబ్బూ లేదంటున్నానా!" ఈల సార్ మళ్ళీ లేచాడు. "ఇది దూది దుమ్ము. ఇక్కడ అందరం దగ్గుతాం. నేనూ దగ్గుతాను. మీ మిషనే చెడిపోయుంటుంది."

"నిరుడు ఇస్త్రీ మనిషికొచ్చినప్పుడూ ఇదే పాట పాడారు. తర్వాత గేటు బయటికి గెంటారు. మాత్రలు మధ్యలో ఆపేసి ఎటు పోయాడో, ఉన్నాడో లేడో! వెతుక్కుంటూ వీధులు తిరిగింది నేను, మీరు కాదు."

ఇస్త్రీ మనిషి పేరెత్తగానే బొత్తాలక్క చేతిలో తొడుగు ఆగింది. మంచం పట్టిన మొగుడికి రెండు పూటలా తిండి పెట్టేది ఆమె సూదే. ఈ పని పోతే ఆ ఇద్దరికీ ఇంకో దిక్కు లేదు.

ఈల సార్ గొంతు దిగింది. "ఒకరి రిపోర్టు ఒకరికి... తారుమారు కావచ్చుగా?"

"మీరేగా తెచ్చిచ్చారు! ఆ పూట వచ్చిన డబ్బా అదొక్కటే."

ఆయన నుదురు తుడుచుకున్నాడు. "ఇంట్లో చంటిపిల్లలుంటే... వాళ్ళకీ అంటుకుంటుందా?"

"ఈవిడింట్లో పిల్లలెక్కడున్నారండీ? ఉంటే అంటుకోదూ మరి! ఆరు నెలలు మాత్రలు మింగితే పోయే జబ్బు సార్ ఇది. దాస్తేనే చంపేది."

ఈల సార్ ఏదో చెప్పబోయాడు. ఇంతలో కళ్ళు బోర్డు మీద పడ్డాయి. తడిసిన హాజరు పట్టీని లాక్కుని, బొత్తాలక్క పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ విసురుకి కాగితం చిరిగింది.

"అయిపోయింది! ఈవిడ మా మనిషి కాదు. ఇప్పుడు మా దగ్గర కేసులెన్ని? సున్నా! రాసుకోండి!"

"సిగ్గు లేదూ మీకు?" నర్సమ్మ గొంతు మిషన్ల హాలు దాకా వినపడింది. "పద్దెనిమిదేళ్ళ మనిషిని ఒక్క గీతతో కొట్టేస్తారా? జబ్బు చేసినవాళ్ళని పనిలోంచి తీసేయకూడదని ఉత్తర్వుంది. ఎల్లుండి మీ సభలో, మీ మైకులోనే చదివి వినిపిస్తాను!"

"వినిపించుకోండి, పొండి!"

షిఫ్టు వేళైంది. ఆయన ఈల అందుకుని ఊదాడు. తుస్సుమంది.

నర్సమ్మ మాత్రల అట్ట చింపింది. గ్లాసులో నీళ్ళు పోసింది. "రామ్మా, భయపడకు. నీ పని సంగతి నేను చూసుకుంటాను. ముందు ఇవి నా ఎదురుగా మింగు."

బొత్తాలక్క చెయ్యి చాపలేదు. పట్టీలో చిరిగిపోయిన తన పేరు వైపు చూసింది. వారం రోజులుగా దించిన తల మొదటిసారి ఎత్తింది.

"అవి సార్‌కివ్వండి నర్సమ్మా, నా జబ్బు బయటపడితే బోర్డు పోతుందని ఆ పొద్దున నా చేతిలో డబ్బా లాక్కుని అందులో ఊసింది ఆయనే."