ఏడో తువ్వాలు

తీగ మీద ఏడు తువ్వాళ్ళు ఆరుతున్నాయి. అపార్ట్‌మెంటు ప్రెసిడెంటు కింద కారు పక్కన నిలబడి, తలెత్తి, వేలు ఆడిస్తూ రెండుసార్లు లెక్కపెట్టాడు. నమ్మకం చాలక వాచ్‌మన్ చేత కూడా లెక్కపెట్టించాడు. ఏడే.

మర్నాడు రెండో అంతస్తులో టీచరక్క తలుపు మీద నోటీసు అంటించి ఉంది.

ఆమె నిజానికి టీచరు కాదు. ఉద్యోగాలకు వెళ్ళే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో పెట్టుకుని చూస్తుంది. పిల్లలు పిలిచే పిలుపే అందరికీ అలవాటైపోయింది. ఆమె దగ్గర ఒక పద్ధతుంది. మనిషికొక రంగు తువ్వాలు. అన్నానికి ముందు మెడకు కట్టాలి, తిన్నాక దాంతోనే మూతి తుడవాలి, మధ్యాహ్నం ఉతికి బాల్కనీలో ఆరేయాలి. ఒకరిది ఇంకొకరికి చచ్చినా వాడదు. ఒకరి జలుబు ఇంకొకరికి అంటకూడదు కదా.

ఆ పద్ధతే ఆమెను పట్టించింది.

అసలు రూలు ప్రకారం ఫ్లాట్లలో ఏ వ్యాపారమూ చేయకూడదు. కిందటేడు తల్లులంతా కలిసి బతిమాలితే, ఆరుగురు పిల్లలకు మించకూడదనే షరతు మీద కమిటీ ఒప్పుకుంది. మించితే నెలాఖరుకి మూసేయాలి. ఆ కాగితం మీద సంతకం ప్రెసిడెంటుదే.

టీచరక్క నోటీసు ఊడదీసి, చదివి, నాలుగు మడతలు పెట్టి నడుమున దోపుకుంది. ఈ పని పోతే ఆమెకు వేరే ఆధారం లేదు. లోపల్నుంచి ఏడో తువ్వాలు మనిషి అప్పటికి పదోసారి అడుగుతోంది.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం వచ్చేస్తుంది తల్లీ," అంది టీచరక్క. పదోసారి కూడా మొదటిసారి చెప్పినట్టే చెప్పింది.

ఆరుగురూ ఒక ఎత్తు, ఈ ఏడో మనిషి ఒక్కతీ ఒక ఎత్తు. ముద్ద బుగ్గన పెట్టుకుని మింగదు. కుడి చెప్పు ఎడమకాలికి వేసుకుంటుంది. మధ్యాహ్నం టీచరక్క చీర చెంగు గుప్పిట్లో ఉంటే గానీ కన్ను మూయదు. సరదా అల్లా దాగుడుమూతలే. ఎవరైనా ఒకటీ రెండూ అనడం వినబడితే చాలు, పోయి కిటికీ తెర వెనక నక్కుతుంది.

రెండు నెలల కిందట తీసుకొచ్చిన ఆవిడ లిఫ్టు ఎక్కకుండా మెట్ల మీదుగా వచ్చింది. పెట్టుకున్న మనిషి మానేసిందనీ, పగలు ఇంట్లో చూసే దిక్కు లేదనీ, ఉద్యోగం మానలేననీ, ఇంటాయనకి తెలిస్తే పరువు పోయినట్టు ఎగురుతాడనీ చెప్పి, టీచరక్క రెండు చేతులూ పట్టుకుంది. ఎవరికీ చెప్పనని టీచరక్క మాటిచ్చింది.

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ప్రెసిడెంటు తన ఫోన్లో తువ్వాళ్ళ ఫొటో అందరికీ తిప్పి చూపించాడు. ఇవి కాపురాలుండే ఇళ్ళా, సంతా అని అడిగాడు. ఎవరింటి బరువు వాళ్ళింట్లోనే మోసుకోవాలన్నాడు. తన కారు తన గీత లోపలే పెట్టుకుంటున్నాడా లేదా, తన చెత్త తనే కట్టి ఇస్తున్నాడా లేదా, ఇంట్లో ముసలావిడకి మనిషిని పెట్టుకున్నాడా లేదా, తనకో రూలు, ఒకరికో రూలా అని చాలాసేపు ఏకరువు పెట్టాడు.

"ఆరుగురు పిల్లలన్నారు. నా దగ్గర పిల్లలు ఆరుగురే," అంది టీచరక్క.

"మరి ఏడో తువ్వాలెవరిదమ్మా? మీరు కట్టుకుంటున్నారా?"

కొందరు నవ్వారు.

"తువ్వాళ్ళకి కూడా రూలు రాశారాండీ? ఆ కాగితం నాకు అందలేదు."

ఈసారి ఇంకాస్త ఎక్కువమంది నవ్వారు. వాచ్‌మన్ మొహం అటు తిప్పుకున్నాడు.

ప్రెసిడెంటు మెత్తబడ్డట్టు కనిపించి, ఒక బేరం పెట్టాడు. ఆ ఏడో మనిషిని రేపటినుంచి రావద్దంటే, మిగతా ఆరుగురితో నిక్షేపంగా నడుపుకోవచ్చు. లేదంటే నెలాఖరుకి తాళం. తల్లులంతా టీచరక్క వంక చూశారు. ఒప్పుకోమన్నట్టు ఒకామె తలూపింది కూడా.

"పొమ్మనను," అంది టీచరక్క. "నన్ను నమ్మి నా గుమ్మంలోకొచ్చిన మనిషిని పొమ్మనడం నావల్ల కాదు. తాళం వేస్తామంటే వేసుకోండి. కప్ప కాస్త పెద్దదే తెచ్చుకోండి."

"ఎవరి బిడ్డో చెప్పండి. నేనే వాళ్ళకి బుద్ధి చెబుతా."

"చెప్పనని మాటిచ్చాను. చూపించనని మాత్రం ఎవరికీ మాటివ్వలేదు. రేపు అన్నాలవేళకి రండి. తలుపు తీసే ఉంటుంది. మీరొక్కరే రండి."

నలుగురి ముందు దొరికిపోతానని భయం కాబోలనుకుని ప్రెసిడెంటు లోలోపల నవ్వుకున్నాడు.

సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వచ్చాడు. అన్నట్టే తలుపు తీసి ఉంది. హాల్లో పిల్లలు వరసగా చాపల మీద కూర్చుని ఉన్నారు. మెడల్లో తువ్వాళ్ళు, ముందు కంచాలు. అతను వేలు చూపిస్తూ పైకే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. పిల్లలు ఆటనుకుని గొంతు కలిపారు. ఆరు దగ్గర లెక్క ఆగింది. చివర్న ఒక కంచం ముందు ఎవరూ లేరు.

కిటికీ తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏడు," అన్నాడు ప్రెసిడెంటు, టీచరక్క వైపు తిరిగి. "ఇప్పుడేమంటారు?"

"పిల్లలు ఆరుగురే అంటాను. తెర మెల్లిగా తీయండి, బెదిరిపోతుంది."

అతను ఒక్క విసురుతో లాగాడు.

మెడలో ఆకుపచ్చ తువ్వాలుతో గోడకి నక్కి నిలబడ్డ ప్రెసిడెంటు తల్లి, అతన్ని చూసి చప్పట్లు కొట్టి, "బడి అప్పుడే వదిలేశారా నాన్నా?" అంది.