మిలిటరీ బడి సీటు

“బాలశౌరీ,” కెప్టెన్ గారు మళ్ళీ పిలిచారు.

కుర్రాడు కిటికీలోంచి కోటప్పకొండ వైపు చూస్తున్నాడు. వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి ఏసోబు వాడి వీపు మీద తట్టాడు. అప్పుడు ఉలిక్కిపడి ఇటు తిరిగి, రెండు మడమలూ దగ్గరకు చేర్చి నిటారుగా నిలబడ్డాడు.

“చూశారా, ఇదీ వరస,” అన్నారు కెప్టెన్ గారు పక్కన కూర్చున్న విద్యాశాఖ ఆఫీసరుతో. “బళ్ళోనూ ఇంతే. పేరు పెట్టి పిలిస్తే పలకడు. చెవుల్లో లోపముందేమోనని డాక్టరుకు చూపించాం. చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నాడు.”

నరసరావుపేట ట్రావెలర్స్ బంగళాలో ఆ రోజంతా అదే విచారణ. మిలిటరీ వాళ్ళు నడిపే బడికి పల్నాటి నుంచి నలుగురు పిల్లలు పోయిన ఏడాది ఎంపికయ్యారు. వేసవి సెలవులు అయిపోవడంతో వాళ్ళను సాయంత్రం రైల్లో వెంటబెట్టుకు పోవడానికి కెప్టెన్ గారు వచ్చారు. పిల్లల ఫీజు, తిండి, బట్టలు అన్నీ రాష్ట్ర ప్రభుత్వానివే. ఆ సాయం ఎవరికి కొనసాగించాలో, ఎవరికి ఆపాలో తేల్చడానికి ఆఫీసరు గుంటూరు నుంచి దిగాడు.

“లెక్కలు పోయాయి. ఇంగ్లీషు పోయింది,” అన్నాడు ఆఫీసరు. “పల్లెల్లో మా బళ్ళకు కప్పుల్లేవండీ. నాలుగు చినుకులు పడితే పిల్లల్ని ఇళ్ళకు తోలేస్తున్నాం. ఇక్కడేమో ఒక్కొక్కడి మీద ఇంతేసి పోస్తున్నాం. వీడికి ఆపేద్దాం.”

ఆపేస్తే బాగుండు దేవుడా అనుకున్నాడు ఏసోబు. తనంతట తాను మానిపిస్తే ఇన్నాళ్ళూ సర్కారు పెట్టిందంతా తిరిగి కట్టాలని చేర్చుకునేటప్పుడే చెప్పారు. వాళ్ళే వద్దంటే ఆ బెడద ఉండదు. కొడుకును వెంటబెట్టుకుని హాయిగా ఇంటికి పోవచ్చు. ఇల్లంటే నడికుడి అవతల రైలు గేటు, దాని పక్కన ఒక్క కొంప. ఏసోబు ఆ గేటుకు కాపలా.

కానీ కెప్టెన్ గారు ఒప్పుకోలేదు.

“ప్రవేశ పరీక్షలో జిల్లాకంతా మొదటివాడు సార్. ఆ పేపరు దిద్దింది నేనే. ఆ పొందికైన అక్షరం, ఆ లెక్క చేసిన తీరు ఇంకా నా కళ్ళముందే ఉన్నాయి. ఏమయ్యా, వీడికేమైందో నువ్వయినా చెప్పు.”

“ఇంట్లో చావు జరిగిందయ్యా,” అన్నాడు ఏసోబు. “బళ్ళో చేరబోయే ముందు. కలరా.”

“ఎవరు పోయారు?” ఆఫీసరు అడిగాడు.

ఏసోబు కొడుకు వైపు చూశాడు. కెప్టెన్ గారే అందుకున్నారు.

“వీడి తమ్ముడు. మరియదాసని. ఇద్దరికీ ఏడాదే తేడా. చేరిన రోజున చెప్పారు.”

“ఒంటి కొంప గదయ్యా,” అన్నాడు ఏసోబు నేల చూస్తూ. “మందిచ్చే దిక్కు గూడా లేకపాయె. నేనూ వాళ్ళమ్మా గుంట తీసి పూడ్చుకున్నాం.”

కుర్రాడు తన బూట్ల వంకే చూస్తున్నాడు.

“తల్లి రాలేదేం?” అన్నాడు ఆఫీసరు.

“మార్తమ్మ రాదయ్యా. ఇక్కడికొస్తే అందరూ పిల్లోణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. చచ్చిన బిడ్డ గుర్తొస్తాడు. తట్టుకోలేదు.”

కెప్టెన్ గారు కుర్రాడి వంక చూశారు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగారు.

“దుఃఖం సార్, ఇంకేం కాదు. అంత తెలివి ఎక్కడికీ పోదు. ఒక్క ఏడాది ఇవ్వండి. పూచీ నాది.”

ఆఫీసరు విసుగ్గా తల ఊపి సంతకం పెట్టాడు.

ఏసోబు ఓ అడుగు ముందుకు వేశాడు. “అయ్యా, పిల్లోడు అక్కడ ఉండలేకపోతన్నాడు. నాతో పంపించండి,” అన్నాడు.

“తీసుకుపోయి వాడి చేత కూడా గేటు వేయిస్తావా?” కెప్టెన్ గారు లేచి వచ్చి ఏసోబు భుజం మీద చెయ్యి వేశారు. “నీ కొడుకు పెద్ద ఆఫీసరు కావలసినవాడు. నేను వదలను.”

కోప్పడితే కాళ్ళు పట్టుకునేవాడే. అంత మంచిగా అనేసరికి ఏసోబుకు ఏం చెయ్యాలో తోచలేదు. దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు.

స్టేషన్లో రైలు వచ్చి ఆగింది. కుర్రాడు తండ్రి పంచె కొస వదలడం లేదు.

“నాన్నా, వాళ్ళు చెప్పేది నాకొక్కటీ ఎక్కదు.”

“నిదానంగా నేర్చుకో అయ్యా.”

“కెప్టెన్ గారు కొట్టరు. కొట్టినా బాగుండు. నీకు వచ్చురా, గుర్తు తెచ్చుకో అంటారు.”

ఏసోబు కొడుకు కాలరు సవరించాడు. “మూడు పూటలా పెడతన్నారుగా?”

“పెడతన్నారు.”

“కడుపు నిండా?”

“ఆ.”

పోయిన ఏడాది ఇంట్లో పొయ్యి వెలగని దినాలు చానా ఉన్నాయి. బిడ్డకు చెప్పడానికి అంతకు మించిన ధైర్యం ఏసోబు దగ్గర లేదు.

“అమ్మ సెలవుల్లో నన్ను ఒక్కసారన్నా పేరు పెట్టి పిలవలా,” అన్నాడు కుర్రాడు. “నువ్వూ ఒరే అనే అన్నావు.”

ఏసోబు రైలు వైపు చూశాడు.

“ఒక్కసారి పిలువు నాన్నా. ఎక్కుతా.”

ఏసోబు అటూ ఇటూ చూశాడు. కెప్టెన్ గారు అవతలి తలుపు దగ్గర మిగతా పిల్లల్ని ఎక్కిస్తున్నారు. గార్డు ఈల వేశాడు. ఏసోబు వంగి, కొడుకు చెవి దగ్గర నోరు పెట్టాడు.

“మరియదాసూ,” అన్నాడు.